మట్టిలో కలిసిన రంగులు

రంగురంగుల మట్టిని పూర్తిగా కలిసిపోనివ్వకుండా పొరలుగా ఒత్తి, ఒకే ముద్దగా సారె మీద తిప్పితే పాత్ర గోడ నిండా చారలు సుడులు తిరుగుతాయి. అవి పైన పూసిన రంగులు కావు, మట్టిలోనివే. అందుకే అచ్చంగా ఒకేలా ఉండే పాత్రలు రెండు దొరకవు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులకూ, అంతకు వెయ్యేళ్ల ముందు చైనాలో టాంగ్ రాజుల కాలపు పనివాళ్లకూ ఈ విద్య తెలుసు. అయితే యాత్రికులు గుర్తుగా కొనుక్కెళ్లే వస్తువుగా దీనికి పేరొచ్చింది 20వ శతాబ్దపు అమెరికాలోనే.

అందులో మొదట చెప్పుకోవలసింది ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్ పట్టణం. అక్కడ చార్లెస్ డీన్ హైటెన్ కుటుంబం జాడీలు, చిలికే కుండలు చేసి అమ్మేది. 1909 ప్రాంతంలో ఆర్థర్ డోవీ అనే నేర్పరి కుమ్మరి తోడ్పాటుతో హైటెన్ సుడుల పాత్రల వైపు మళ్లాడు. తెల్ల బంకమట్టికి ఇంగ్లీషులో ఉన్న పేరు కేయొలిన్. ఆ అక్షరాలను తిరగేసి తన సరుకుకు నైలోక్ అని పేరు పెట్టాడు. వేడినీటి బుగ్గలకు ప్రసిద్ధమైన హాట్ స్ప్రింగ్స్ ఆ దగ్గరలోనే ఉంది. అక్కడికి వచ్చిపోయేవారు ఈ కూజాలను ఇష్టంగా కొనుక్కెళ్లేవారు.

చూడటానికి తేలికగా ఉన్నా పని చాలా కష్టం. ఒక్కో మట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు ఒక్కోలా కుంచించుకుపోతుంది. ఆ తేడా సరిచేయకపోతే రెండు రంగులు కలిసేచోట పాత్ర బీటలిస్తుంది. అన్ని మట్లూ ఒకే తీరున కుదించుకునేలా పాళ్లు కుదర్చడమే హైటెన్ అసలు ఘనత. ఈ పద్ధతికి 1928లో పేటెంటు దక్కింది. నీలానికి కోబాల్టు, ఎరుపు గోధుమ ఛాయలకు ఇనుము పనికొచ్చేవి. సారె మీద చేతి తడికి రంగులన్నీ అలుక్కుపోయి పైకి బురదలా కనిపిస్తాయి. పాత్ర ఆరాక తరిమెన పట్టి పై పొర తీసి, నున్నగా రుద్దితే గానీ చారలు బయటపడవు. కాల్చిన నైలోక్ కూజాను చేతిలోకి తీసుకుంటే బయటి వైపు మెరుపు లేకుండా పొడిగా తగులుతుంది. లోపల మాత్రం నీళ్లు ఇంకకుండా గాజులాంటి పూత ఉంటుంది. అడుగున ఒత్తిన పేరు కనబడుతుంది.

1930ల ఆర్థిక మాంద్యంలో అమ్మకాలు పడిపోయాయి. కంపెనీ అచ్చుల్లో పోసిన, పైపూత వేసిన చవక బొమ్మల వైపు మొగ్గింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది కాలానికే మూతపడింది. ఇతర చోట్లా ఇలాంటి పని సాగింది. 1930లలో ఉత్తర డకోటాలోని డికిన్సన్‌లో బ్యాడ్‌ల్యాండ్స్ పేరుతో సుడుల పాత్రలు వచ్చాయి. హూవర్ ఆనకట్ట పక్కనున్న బౌల్డర్ సిటీలో, ఆ తరువాత కాలిఫోర్నియాలోని బార్‌స్టోలో ఎవాన్స్ కుటుంబం డెజర్ట్ శాండ్స్ పేరుతో వీటిని చేసింది.

సేకరించేవారు ముద్ర ఒక్కటే చూసి డబ్బు పెట్టకూడదు. నైలోక్ ముద్ర అచ్చుబొమ్మల మీదా ఉంటుంది. చార నిజంగా మట్టిలోనిదా, పైన గీసినదా అన్నది ముందు చూడాలి. అంచు పెచ్చూడిన చోట రంగు లోపలికీ సాగితే అది మట్టిదే. చిన్న పూల కూజాలు ఇప్పటికీ తరచుగా దొరుకుతాయి. మూత ఉన్నవి, దీపపు స్తంభాలు, పెద్ద జాడీలు అరుదు. సన్నని బీట ఉంటే వేలి గోటితో మెల్లగా తట్టినప్పుడు మోత బోలుగా వస్తుంది. పూత లేని బయటి గోడ నూనె, చెమట పీల్చుకుంటుంది కనుక నూనెలు, మెరుగు ద్రవాలు పూయవద్దు, మెత్తని పొడి గుడ్డతో తుడిస్తే చాలు. పాత కాగితపు చీటీ అంటుకుని ఉంటే దాన్ని తీసేయవద్దు. ముద్ర లేని పాత్ర ఏ ఊరిదో చెప్పగలిగేది చాలాసార్లు ఆ చీటీయే.