ఖాళీ అంటే ఏ ఖాళీ?

మా ఊరి గ్రంథాలయం వెబ్‌సైటు నేనే చూసుకుంటాను. పుస్తకాల పట్టీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంటుంది. దాన్ని పేజీగా మలిచేది పీహెచ్‌పీ, 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ బయటపెట్టిన భాష. పాఠకులు రచయిత పేరు కొట్టగానే పీహెచ్‌పీ డేటాబేస్‌ను అడుగుతుంది, జవాబు వరుసలుగా వస్తుంది. ఒక్కో వరుసా అందుకుని తెర మీద పెట్టడం తేలికే. నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసేవి రాని వరుసలు.

ఎవరో కొడవటిగంటి కుటుంబరావు పుస్తకాల కోసం వెతికారనుకోండి. పేజీ ‘పుస్తకాలు లేవు’ అంది. నిజంగానే లేవా? లేక డేటాబేస్ పలకలేదా? పాత పీహెచ్‌పీలో ప్రశ్న విఫలమైతే ‘ఫాల్స్’ అన్న మాట చేతికొచ్చేది, అంతే. ప్రోగ్రాం రాసినవాళ్లు దాన్ని విడిగా పట్టించుకోకపోతే రెండు సందర్భాల్లోనూ పాఠకుడికి ఒకటే జవాబు. ఉన్న పుస్తకాన్ని లేదని చెప్పడం గ్రంథాలయం చేయకూడని పని. పీహెచ్‌పీని డేటాబేస్‌కు కలిపే సాధనాల్లో పీడీఓ 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8.0 నుంచి, మైఎస్‌క్యూఎల్‌ఐ ఆ మరుసటి ఏటి 8.1 నుంచి, మనం అడక్కుండానే ఇలాంటి చోట ఆగి తప్పు జరిగిందని చెబుతున్నాయి. ఎంతో మేలు చేసిన మార్పు ఇది.

ఇక ప్రతుల సంఖ్య. 0 ఉంటే ప్రతులన్నీ ఇంటికెళ్లాయని. ‘నల్’ ఉంటే ఆ పుస్తకం లెక్క ఇంకా ఎవరూ తీయలేదని. ‘ఎంప్టీ’తో అడిగితే పీహెచ్‌పీ రెండింటినీ ఖాళీ కిందే జమకడుతుంది. అందుకే నేను మూడు సమాన గుర్తులు పెట్టి నల్ అవునా కాదా అని సూటిగా అడుగుతాను. విలువ ఉన్నంతసేపూ తిరగమని లూపు రాసి, ఈ సంఖ్యలను ఒక్కొక్కటిగా తెప్పించుకుంటే ఇంకో ప్రమాదం: మొదటి 0 దగ్గరే లూపు ఆగిపోతుంది. ఆ తర్వాతి పుస్తకాలేవీ తెర మీదికి రావు, తప్పు జరిగినట్టు ఒక్క హెచ్చరికా కనిపించదు.

డేటాబేస్ వైపూ ఇదే జాగ్రత్త కావాలి. తిరిగిరాని పుస్తకాలకు ‘వాపసు తేదీ’ గడిలో నల్ ఉంటుంది. వాటి జాబితా కోసం ‘వాపసు తేదీ = నల్’ అని అడిగితే ఒక్క వరుసా రాదు. తెలియనిదాన్ని దేనితో పోల్చినా జవాబు తెలియదనే ఎస్‌క్యూఎల్ లెక్క. ‘ఈజ్ నల్’ అనే అడగాలి. లేదంటే ఖాళీ కాగితం అచ్చవుతుంది. లైబ్రేరియన్‌గారు పుస్తకాలన్నీ తిరిగొచ్చేశాయనుకుంటారు.

అందుకే మా పేజీకి నాలుగు వేర్వేరు వాక్యాలు రాసిపెట్టాను: ‘ఈ పేరుతో మా దగ్గర పుస్తకం లేదు.’ ‘ప్రతులన్నీ పాఠకుల దగ్గరున్నాయి.’ ‘ప్రతుల లెక్క ఇంకా తీయలేదు, కౌంటర్‌లో అడగండి.’ ‘ఇప్పుడు వెతకలేకపోతున్నాం, కాసేపాగి చూడండి.’