హన్నా కుట్టిన చిన్న అంగీ

కౌన్సెలింగ్ రోజులు వచ్చాయంటే, ఆదివారం ఆరాధన ముగిశాక ప్రార్థన కోసం ముందుకు వచ్చే కుటుంబాలు ఎక్కువవుతాయి. "అయ్యగారూ, అబ్బాయికి సీటు వచ్చింది. రేపు రాత్రి బండికి బయలుదేరుతున్నాం. ప్రార్థన చేయండి" అంటారు. పిల్లవాడు తల వంచుతాడు. తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంది. ప్రయాణం కోసం, చదువు కోసం, ఆరోగ్యం కోసం ప్రార్థిస్తాం. అందరూ ఆమేన్ అంటారు. ఆ తల్లిదండ్రుల విశ్వాసం కోసం మాత్రం ప్రార్థించడం చాలాసార్లు మరచిపోతాం. హాస్టల్లో పిల్లల విశ్వాసానికి పరీక్ష అని అందరం అంటాం. ఇంటి దగ్గర మిగిలిన మన విశ్వాసానికీ అదే రోజున పరీక్ష మొదలవుతుంది.

ఈ సంగతి మాకు సెమినరీలో ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లోనే తెలిసింది. మా అమ్మాయిని హాస్టల్లో దింపి, పరుపు, బకెట్, ఆవకాయ సీసా గదిలో సర్ది తిరిగి వచ్చిన రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. మా ఇంట్లో కీర్తనను ఒక్కొక్కరం ఒక్కో వచనం చదువుతాం. తన వంతు వచ్చేసరికి ఇద్దరం ఆగిపోయాం. అంతకు ముందు ఎందరో తల్లిదండ్రులకు ఆదరణ మాటలు చెప్పినవాళ్ళమే. ఆ రాత్రి మాకు ఒక్కటీ గుర్తురాలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసేవాళ్ళం. "చర్చికి వెళ్ళావా?" "వెళ్ళాను నాన్నా." క్రిస్మస్ సెలవులకు వచ్చినప్పుడు అసలు సంగతి తనే చెప్పింది. నెలన్నరగా ఏ చర్చికీ వెళ్ళలేదు. అబద్ధం ఎందుకు చెప్పావమ్మా అంటే, "నేనెలా ఉన్నానని మీరు అడగలేదు కదా నాన్నా. వెళ్ళానా లేదా అనే అడిగారు" అంది. ఆ రాత్రి మమ్మల్ని మేమే పరీక్షించుకున్నాం. బిడ్డ ఆత్మీయ స్థితి గురించి దిగులు ఉన్నమాట నిజమే. దానితోపాటు, పాస్టరు గారి కూతురు ఇలా అయిందని సంఘం అనుకుంటుందేమో అన్న దిగులూ ఉంది. అది చిన్నది కాదని దేవుని ముందు ఒప్పుకోవలసి వచ్చింది.

అప్పుడు సమూయేలు మొదటి గ్రంథం మళ్ళీ తెరిచాం. హన్నా బిడ్డను ప్రతిష్ఠించిందని ఎన్నోసార్లు బోధించాం గాని, ఎలాంటి చోట విడిచిపెట్టిందో అంతగా ఆలోచించలేదు. షిలోహులో ఏలీ వృద్ధుడు. అతని కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు బలులను తృణీకరించారు, మందిర ద్వారం దగ్గరే పాపం చేశారు. యెహోవా వాక్కు అరుదైన దినాలవి. మన పిల్లలు వెళ్ళే హాస్టళ్ళకంటే అది మంచి చోటని చెప్పలేం. అయినా హన్నా బిడ్డను అక్కడ విడిచి, రెండవ అధ్యాయంలో స్తుతిగానం చేసింది. ఆమె నమ్మకం షిలోహు మీద కాదు, ఏలీ మీద కూడా కాదు. షిలోహులోనూ దేవుడు ఉన్నాడని ఆమె నమ్మింది.

మూడవ అధ్యాయంలో, మందిరంలో పరిచర్య చేస్తున్న సమూయేలు అప్పటికింకా యెహోవాను ఎరుగలేదని ఉంది. అంతటి తల్లికి పుట్టి, మందిరంలోనే పెరిగినవాడికి కూడా దేవుడు తనంతట తాను పేరు పెట్టి పిలిచే రాత్రి ఒకటి రావలసి వచ్చింది. ఆ రాత్రి తల్లి పక్కన లేదు. యాకోబు సంగతీ అంతే. ఇంట్లో ఉన్నప్పుడు అతడు ఇస్సాకుతో మాట్లాడుతూ యెహోవాను 'నీ దేవుడు' అన్నాడు (ఆది 27:20). ఆయన నాకు దేవుడవుతాడని మొక్కుకున్నది ఇల్లు విడిచాక, బేతేలులో రాయి తలగడగా పడుకున్న రాత్రి తర్వాతే. మన విశ్వాసాన్ని పిల్లలకు పరిచయం చేయగలం గాని, వారి బదులు మనం విశ్వసించలేం.

సంఘ చరిత్రలో అగస్టీను తల్లి మోనికా సాక్ష్యం కూడా తలచుకోదగినది. క్రీ.శ. 383లో కొడుకు కార్తేజి విడిచి రోముకు వెళ్ళబోతే, వెళ్ళవద్దని ఆమె పట్టుబట్టింది. ఆమె రాత్రంతా ప్రార్థిస్తుండగా అతడు చెప్పకుండా ఓడ ఎక్కేశాడు. ఆ ప్రయాణమే అతణ్ణి మిలానుకు, అంబ్రోసు బోధ దగ్గరకు చేర్చింది. 387 ఈస్టరుకు బాప్తిస్మం పొందాడు. ఆ రాత్రి ఆమె అడిగినదాన్ని దేవుడు ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి అడిగినదాన్ని ఇచ్చాడు.

అలాగని పిల్లలను దేవునికి అప్పగించి చేతులు దులుపుకోమని కాదు. హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్ళింది (1 సమూ 2:19). ప్రతి ఏడూ కొలత మారుతుంది. బిడ్డ ఎదిగాడని ఒప్పుకున్న తల్లే సరిపోయే అంగీ కుట్టగలదు. మనలో చాలామంది పద్దెనిమిదేళ్ళ పిల్లలకు సండే స్కూలు నాటి అంగీనే తొడగాలని చూస్తాం.

కాబట్టి ప్రియులారా, బిడ్డ బయలుదేరక ముందే కాలేజీకి దగ్గరలోని సంఘం ఏదో తెలుసుకుని, అక్కడి కాపరితో మాట్లాడండి. యూఈఎస్ఐ వంటి విద్యార్థి సహవాసం ఆ కాలేజీలో ఉందేమో కనుక్కోండి. ఫోన్లో మొదట తిండి, నిద్ర, స్నేహితుల గురించి అడగండి. సందేహాలు చెబితే ఉలిక్కిపడి వాక్యాలు అప్పజెప్పకుండా, చివరిదాకా వినండి. తెలియనిది తెలియదని చెప్పండి. మీ తప్పు ఉంటే క్షమాపణ అడగండి. మేము అడిగాం. సంఘాలకు కూడా ఒక మాట. బయటికి పంపిన పిల్లల పేర్లు రాసుకుని వారం వారం ప్రార్థించండి. మీ ఊళ్ళో కాలేజీ ఉంటే, ఈ ఆదివారం వెనక వరుసలో ఒంటరిగా కూర్చున్న హాస్టల్ పిల్లను మధ్యాహ్నం భోజనానికి పిలవండి. ఆ పిల్ల కోసం ఎక్కడో ఒక తల్లి ప్రార్థిస్తూ ఉంటుంది.

మా అమ్మాయి ఇప్పుడు ప్రతి ఆదివారం చర్చికి వెళుతోందా అని కొందరు అడుగుతారు. కొన్ని వారాలు వెళుతుంది, కొన్ని వారాలు వెళ్ళదు. వెళ్ళనివీ ఇప్పుడు మాకు చెబుతుంది. కుటుంబ ప్రార్థనలో తన వంతు వచనాన్ని మేమిద్దరం కలిసి చదువుతున్నాం. సమూయేలును పేరు పెట్టి పిలిచిన దేవుడు మన బిడ్డలందరినీ పిలుచును గాక. ఆమేన్.