మాస్క్ సరే, కిటికీ సంగతేంటి?

కరోనా అనగానే మన బ్యాచ్‌లో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆల్ పాస్. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో 6 నుంచి 9వ తరగతి దాకా పరీక్షలు లేకుండానే పై తరగతికి పంపేశారు. మనకు అది సెలవు. అదే ఇంట్లో పెద్దవాళ్ళకి మాత్రం పగలూ రాత్రీ ఒకటే ప్రశ్న. పనికి పోతే జబ్బు, పోకపోతే డబ్బు లేదు, ఎట్లా?

మాది మదనపల్లె. మా పిన్నివాళ్ళు పుంగనూరులో ఉంటారు, మేనమామది కుప్పం. ఈ మూడు ఊళ్ళూ 2020లో చిత్తూరు జిల్లాలోనే ఉండేవి. మూడు చోట్లా పనులు వేరు, గాలి వేరు, కానీ అందరికీ చెప్పిన జాగ్రత్త మాత్రం ఒకటే: మాస్క్ పెట్టుకోండి. ఆ మాస్క్ నిజంగా ఎలా పనిచేస్తుంది, ఎక్కడ దాని బలం సరిపోదు, పనిచేసే చోట భద్రత అంటే ఇంకా ఏమేం కావాలి అన్నది ఈ వ్యాసంలో చెప్పాలనుకున్నాను. ఇంకో రెండేళ్ళలో మనమూ ఏదో ఒక ఏసీ ఆఫీసులో కూర్చోబోతున్నాం. కాబట్టి ఇది మన సంగతి కూడా.

మాస్క్ జల్లెడ కాదు

అప్పట్లో వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరిగింది. "వైరస్ సైజు 0.1 మైక్రాన్. బట్టలో రంధ్రాలు దానికంటే ఎన్నో రెట్లు పెద్దవి. మాస్క్‌తో వైరస్‌ని ఆపడం అంటే దోమతెరతో ఇసుకని ఆపినట్టే." వినడానికి లాజిక్ బాగానే ఉంది. కానీ రెండు చోట్ల తప్పింది.

మొదటిది, వైరస్ ఒంటరిగా గాల్లో ఎగరదు. మనం మాట్లాడినా, దగ్గినా, ఊరికే ఊపిరి వదిలినా తుంపర్లు బయటికి వస్తాయి. వాటిలో కొన్ని కంటికి కనిపించేంత పెద్దవి, కొన్ని పొగలాగా తేలేంత చిన్నవి. వైరస్ ఆ తుంపర్లలో కూర్చుని ప్రయాణం చేస్తుంది.

రెండోది, మాస్క్ జల్లెడలాగా పనిచేయదు. లోపల పోగులు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి. గాలి వాటి మధ్య వంకరటింకరగా తిరిగి పోవాలి. పెద్ద కణం స్పీడుగా వచ్చే బైక్ లాంటిది, మలుపులో తిరగలేక వెళ్ళి పోగుకి గుద్దుకుంటుంది. మరీ చిన్న కణాన్ని గాలి అణువులు అన్ని వైపులా నెడుతుంటాయి, అది తాగినవాడిలా ఊగుతూ పోయి ఏదో ఒక పోగుకి అంటుకుంటుంది. అన్నిటికన్నా కష్టం మధ్య సైజు, అంటే దాదాపు 0.3 మైక్రాన్. అందుకే ఎన్95 మాస్క్‌ని ఆ సైజు దగ్గరే పరీక్షిస్తారు. అక్కడ కనీసం 95 శాతం కణాలను ఆపాలి. ఆ పేరులో 95 వచ్చింది ఇందుకే.

ఎన్95లో ఇంకో కిటుకు ఉంది. లోపలి పాలీప్రొపిలీన్ పొరకి స్థిర విద్యుత్ ఎక్కించి ఉంటుంది. తల దువ్వుకున్న దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుంది చూడండి, అదే పని. సబ్బుతో ఉతికితే ఆ చార్జ్ దెబ్బతింటుంది. మాస్క్ తెల్లగా మెరుస్తుంది గానీ ముందులా పనిచేయదు.

బట్ట మాస్క్‌కి ఈ చార్జ్ ఉండదు, బలం తక్కువే. అయినా ఇద్దరూ పెట్టుకుంటే లెక్క మారుతుంది. ఉదాహరణకి ఒక మాస్క్ సగం కణాలను ఆపుతుంది అనుకుందాం. జబ్బున్న మనిషి పెట్టుకుంటే బయటికి వచ్చేది సగం. ఎదుటి మనిషి కూడా పెట్టుకుంటే ఆ సగంలో సగం, అంటే పావు వంతే లోపలికి పోతుంది. 0.5 ఇంటూ 0.5. మన మాస్క్ మనకంటే ముందు ఎదుటివాళ్ళకి పనికొస్తుంది అని చెప్పింది ఇందుకే.

పుంగనూరులో కుట్టు మిషన్లు

2020 ఏప్రిల్ 15న కేంద్ర హోం శాఖ ఇచ్చిన నిబంధనల్లో పబ్లిక్ ప్లేసుల్లో, పనిచేసే చోట్లలో ముఖం కప్పుకోవడం తప్పనిసరి చేశారు. మాస్కులు ఎక్కడున్నాయి మరి? మెడికల్ షాపుల్లో దొరికేవి కాదు. మగవాళ్ళు తువ్వాలు చుట్టుకున్నారు, ఆడవాళ్ళు చున్నీ, కొంగు అడ్డం పెట్టుకున్నారు. మన రాష్ట్ర ప్రభుత్వం మనిషికి 3 చొప్పున, మొత్తం దాదాపు 16 కోట్ల మాస్కులు పంచాలని నిర్ణయించి, కుట్టే పని డ్వాక్రా మహిళలకి ఇచ్చింది.

పుంగనూరులో మా పిన్ని కూడా కుట్టింది. ఫిల్టర్ థియరీ ఆమెకి ఎవరూ చెప్పలేదు, కానీ కుట్టుపని తెలిసినవాళ్ళకి లీకేజీ వెంటనే అర్థమవుతుంది. "కళ్ళద్దాలకి ఆవిరి పడతాంటే ముక్కు కాడ సందుందని అర్థం రా. గాలి అట్లనే పోతాంది" అని చెప్పేది. అది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. గాలి ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది. ఎంత మంచి బట్ట అయినా పక్కన సందుంటే గాలి అటే పోతుంది. మాస్క్ నాణ్యతలో సగం బట్టది అయితే, మిగతా సగం ముఖానికి అది ఎలా కూర్చుంది అన్నదానిది. గడ్డం కింద వేలాడే మాస్క్ గురించి ఇక చెప్పక్కర్లేదు.

బీడీ పొగ లెక్క

మొదట్లో అందరం చేతులే కడిగాం. పాల ప్యాకెట్లు కడిగాం, కూరగాయలు ఉప్పునీళ్ళలో వేశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 28న ఇది గాలి ద్వారా వ్యాపించేది కాదు అని ట్వీట్ కూడా పెట్టింది. ఆ జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు గాలి ద్వారా వ్యాప్తిని సీరియస్‌గా తీసుకోండి అని బహిరంగ లేఖ రాశారు. ఆ తర్వాత మెల్లగా ఆ సంస్థ మాట కూడా మారుతూ వచ్చింది.

ఇది అర్థం కావడానికి బీడీ పొగని ఊహించుకోండి. ఆరుబయట ఎవరైనా బీడీ తాగితే పక్కనే నిలబడితే తప్ప వాసన రాదు. అదే తలుపులు మూసిన గదిలో అయితే ఆ మూల తాగినా ఈ మూల తెలుస్తుంది, ఆ మనిషి వెళ్ళిపోయాక కూడా వాసన ఉంటుంది. చిన్న తుంపర్లు కూడా అంతే. ఆరడుగుల దూరం పెద్ద తుంపర్లకి పనికొస్తుంది. మూసిన గదిలో పొగకి ఆరడుగులంటే లెక్కే లేదు.

దీనికి మనకి తెలిసిన ఎక్స్‌పొనెన్షియల్ డికే లెక్కే సరిపోతుంది. గదిలోని గాలికి సమానమైన కొత్త గాలి గంటకి ఒకసారి వస్తే, గంట తర్వాత పాత కణాల్లో 37 శాతం ఇంకా అక్కడే ఉంటాయి. అదే గంటకి 6 సార్లు వస్తే, ఆ స్థాయికి దిగడానికి 10 నిమిషాలు చాలు. రెండు కిటికీలు ఎదురెదురుగా తెరవడం అనే చిన్న పని ఈ గంటకీ 10 నిమిషాలకీ మధ్య తేడా తేగలదు.

ఈ గాలి పాఠం మా ఊరికి కొత్త కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. 1910లలో అక్కడ క్షయ రోగుల కోసం శానటోరియం కట్టారు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని చాలా కాలం నడిపారు. అప్పటికి టీబీకి మందు లేదు, స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. విశ్రాంతి, మంచి తిండి, ధారాళంగా గాలి, ఇవే అప్పటి శానటోరియాల వైద్యం. టీబీ గాలిలోనే వ్యాపిస్తుందని తర్వాత 1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో రైలీ బృందం రుజువు చేసింది. టీబీ వార్డు నుంచి వచ్చే గాలిని గినీ పందులున్న గదిలోకి పంపితే, ఆ గాలి తప్ప ఇంకే సంబంధం లేకుండానే వాటికి టీబీ అంటుకుంది. ఇంత తెలిసి కూడా 2020లో మనం కిటికీలు మరిచిపోయి పాల ప్యాకెట్లు కడిగాం.

టమోటా మండీ, మగ్గం గది, ఏసీ ఫ్యాక్టరీ

ఇప్పుడు ఈ లెక్కని పనిచేసే చోట్లకి పట్టుకెళ్దాం.

మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలోనే పెద్ద వాటిల్లో ఒకటి. లాక్‌డౌన్‌లో కూడా వ్యవసాయ మార్కెట్లకి మినహాయింపు ఇచ్చారు, ఎందుకంటే కోసిన టమోటా ఎవరి కోసమూ ఆగదు. అక్కడ జనం ఎక్కువ, పైగా వేలం పాటలో గట్టిగా అరవాలి. గట్టిగా మాట్లాడేకొద్దీ నోటి నుంచి వచ్చే కణాలు పెరుగుతాయి. ధర అరవడానికి మాస్క్ కిందికి లాగేవాళ్ళు, అంటే సరిగ్గా అవసరమైన నిమిషంలో అది ఉండేది కాదు. కాకపోతే గాలి ధారాళంగా ఆడే చోటు కాబట్టి కొంత మేలు. అయితే మార్కెట్ అంటే వేలం ఒక్కటే కాదు. లారీ క్యాబిన్, టీ కొట్టు, రాత్రి పది మంది పడుకునే గది కూడా మార్కెట్టే. చెన్నైలో కోయంబేడు మార్కెట్‌ని కేసులు పెరగడంతో 2020 మే 5న మూసేశారు. అక్కడికి పోయి వచ్చినవాళ్ళ ద్వారా మన చిత్తూరు జిల్లాలో కూడా కేసులు బయటపడ్డాయి.

మదనపల్లెలోనే నీరుగట్టువారిపల్లెకి పోతే ఇంటింటా పట్టు చీరల మగ్గం. అక్కడ ఇల్లే పని చోటు. ఒకరికి జ్వరం వస్తే ఐసొలేషన్‌కి ఇంకో గది ఉండాలి కదా! చాలా ఇళ్ళల్లో ఉన్న గదిలో మగ్గం ఉంటుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ అంటే మనం ల్యాప్‌టాప్ అనుకుంటాం. వాళ్ళు తరాలుగా చేస్తున్నది అదే, కానీ అది వాళ్ళని కాపాడే రకం కాదు.

కుప్పం సంగతి ఇంకోలా ఉంటుంది. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. బెంగళూరు రైల్లో పొద్దున పోయి రాత్రి వచ్చేవాళ్ళు చాలామంది. మా మామ అట్లాంటివాడే. 2020 మార్చి 22 నుంచి ప్యాసింజర్ రైళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ పని మొదలయ్యాక ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో మాస్క్ ఉంది, శానిటైజర్ ఉంది, గేటు దగ్గర థర్మల్ గన్ ఉంది. లోపల మాత్రం ఏసీ హాలు, కిటికీలు సీల్ చేసి ఉంటాయి. మామూలు స్ప్లిట్ ఏసీ గాలిని చల్లబరుస్తుంది, బయటి గాలిని లోపలికి తేదు. గంటల తరబడి ఒకరి ఊపిరి ఇంకొకరు పీలుస్తున్నట్టే.

థర్మల్ గన్ కూడా పెద్ద దిక్కేం కాదు. కోవిడ్‌లో లక్షణాలు కనబడకముందే మనిషి నుంచి వైరస్ అంటుకోగలదు. పైగా ఒక పారాసిటమాల్ మింగితే జ్వరం గేటు దాటిపోతుంది. ఎందుకు మింగుతారు అని నేను మామని అడిగాను. ఆయన అన్న మాట ఇది: "జొరం అని చెప్తే పద్నాలుగు దినాలు ఇంట్లో కూచోమంటారు. ఆ పద్నాలుగు దినాల జీతం ఎవురిస్తారు నాయనా?"

ఐదు మెట్లు

ఇండస్ట్రియల్ సేఫ్టీలో ఒక పాత సూత్రం ఉంది. ప్రమాదాన్ని తగ్గించే పద్ధతుల్ని ఐదు మెట్లుగా పేరుస్తారు. పై మెట్టు అన్నిటికన్నా బలమైనది.

1. ప్రమాదాన్నే తీసేయడం. అంటే జబ్బున్న మనిషి పనికి రాకుండా ఉండగలగడం.
2. ప్రమాదం తక్కువున్న పద్ధతికి మారడం. మీటింగ్ ఫోన్లో పెట్టుకోవడం లాంటివి.
3. ఇంజినీరింగ్. కిటికీలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, గాలి ఫిల్టర్లు.
4. నియమాలు. షిఫ్టులు విడగొట్టడం, ఒకేసారి అందర్నీ క్యాంటీన్‌కి పంపకపోవడం.
5. ఒంటి మీద వేసుకునేవి. గ్లౌజులు, హెల్మెట్, మాస్క్.

మాస్క్ ఎక్కడుందో చూశారుగా? ఆఖరి మెట్టు మీద. అది పనికిరాదని కాదు, పైన చెప్పిన పావు వంతు లెక్క నిజమే. కానీ పై నాలుగు మెట్లకీ యజమాని ఖర్చు పెట్టాలి, ఏదో ఒకటి మార్చాలి. ఐదో మెట్టు బరువు మాత్రం పూర్తిగా పనిచేసేవాడి ముక్కు మీదే పడుతుంది. మాస్క్ జారితే తప్పు అతనిది అవుతుంది. కిటికీ లేకపోతే ఎవరిదీ తప్పు కాదు!

మొదటి మెట్టుకి కావాల్సింది జ్వరం వచ్చిన రోజు కూడా డబ్బు రావడం. 2020 మార్చి 29న కేంద్రం లాక్‌డౌన్ కాలానికి పూర్తి జీతం ఇవ్వమని ఆదేశం ఇచ్చింది, మే 18 నుంచి అది తీసేశారు. ఫ్యాక్టరీ కార్మికులకి ఈఎస్ఐ ఉంది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, నిర్ణీత రోజులు చందా కట్టినవాళ్ళకి జబ్బు చేస్తే 70 శాతం వేతనం చొప్పున ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుంది. మామకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, చందా మాత్రం ప్రతి నెలా కట్ అయ్యేది. ఇక మండీలో హమాలీకి, ఇంట్లో మగ్గం నేసేవాళ్ళకి అలా జీతంలో కట్ అయ్యేదీ లేదు, జ్వరం రోజున వచ్చేదీ లేదు.

మనం చేయగలిగినవి

మన ల్యాబ్‌లో 60 మంది కూర్చుంటాం, ఏసీ కోసం కిటికీలు మూస్తాం, రెండో గంటకి అందరికీ నిద్ర వస్తుంది. దానికి బోర్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 420 పీపీఎం. మూసిన గదిలో మన ఊపిరితోనే అది పెరిగిపోతుంది, ఎంత పెరిగితే అంత పాత గాలి పీలుస్తున్నామని లెక్క. 800 లోపు ఉంటే గాలి బాగా మారుతున్నట్టు. ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక ఎన్‌డీఐఆర్ సెన్సర్ ఉంటే మనమే ఈ మీటర్ చేసుకోవచ్చు. మినీ ప్రాజెక్ట్‌కి అటెండెన్స్ యాప్ ఇప్పటికే చాలామంది చేశారు, ఈసారి ఇది చేసి చూడండి.

రెండోది, ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ చివర్లో "ఏమైనా అడగాలా?" అంటారు కదా. ప్యాకేజీతో పాటు సిక్ లీవ్ ఎన్ని రోజులు, జీతంతోనా అని అడగండి. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్ళకి కూడా అదే ఉందా అని కూడా అడగండి. ఒకే గాలి పీల్చేవాళ్ళలో ఒక్కరు జ్వరం దాచిపెట్టి రావాల్సి వస్తే, మిగతావాళ్ళ లీవ్ పాలసీ ఎంత బాగున్నా ఏం లాభం?