టూర్ ఆఫ్ ఒమన్: అయిదు రోజుల రేసు, తేలేది ఆఖరి కొండ మీదే

ఒమన్‌లో ఏటా జరిగే సైకిల్ రేసు, టూర్ ఆఫ్ ఒమన్, 2025లో ఫిబ్రవరి 8 శనివారం మొదలై 12 బుధవారం ముగిసింది. మస్కట్‌లోనో నిజ్వాలోనో మీ అబ్బాయో బావగారో పనిచేస్తుంటే, ఆ వారం "రోడ్డు ఆపేశారు" అని ఫోన్‌లో వినాల్సి వచ్చి ఉండొచ్చు. అసలు ఆ రేసు ఏంటో చూద్దాం.

రోజుకో దారి. అయిదు రోజులూ పట్టిన టైమ్ కలిపితే ఎవరిది తక్కువో వాళ్ళే విజేత. 2012లో పీటర్ వెలిట్స్ గెలిచింది ఒక్క సెకను తేడాతో! కామర్స్ చదివినవాడిని కాబట్టి ఇలాంటి లెక్క నాకు భలే నచ్చుతుంది.

మూడో రోజూ ఒక కొండ ఉంది. అదీ కష్టమే. కానీ అందరి కళ్ళూ బుధవారం మీదే. ఇమ్తీ దగ్గర బయల్దేరి, చివర్లో బిర్కత్ అల్ మౌజ్ నుంచి జబల్ అఖ్దర్ ఎక్కాలి. అఖ్దర్ అంటే పచ్చనిది. పైన దానిమ్మ తోటలు, గులాబీలు ఉంటాయి. రేసులో ఎక్కేది ఆరు కిలోమీటర్ల లోపే. అయితే వంద మీటర్లు ముందుకెళ్తే పది మీటర్లు పైకి లేస్తుంది. మొత్తం సుమారు 600 మీటర్ల ఎత్తు, అంటే పది చార్మినార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినా చాలవు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే పోలీసులు ఆ ఘాట్ ఎక్కనివ్వరు. వీళ్ళేమో సైకిల్ మీద పోతారు. మన సింగరేణి ఇంక్లైన్‌లో నడిచి పైకి వచ్చేవాళ్ళకి ఆ కాళ్ళ నొప్పి చెప్పక్కర్లేదు.

టీమ్‌లు ఎందుకంటే, చదును రోడ్డు మీద గాలే శత్రువు. ముందున్నవాడి వెనక దాక్కుంటే చాలా శ్రమ తగ్గుతుంది, అందుకే మిగతా వాళ్ళు లీడర్‌కి అడ్డుగా తొక్కుతారు. నిటారు కొండ మీద వేగం పడిపోతుంది, గాలి అడ్డు పెద్దగా పనికిరాదు. అక్కడ మనిషి ఒంటరే.

2024లో గెలిచిన ఆడమ్ యేట్స్ 2025లో యూఏఈ టీమ్ తరఫున మళ్ళీ వచ్చాడు. నా దృష్టిలో అతనే ఫేవరెట్. ఫ్రాన్స్ రైడర్ డేవిడ్ గోడు గట్టి పోటీ ఇచ్చాడు. ఇంతకుముందు క్రిస్ ఫ్రూమ్ రెండుసార్లు (2013, 2014), నిబాలీ 2016లో గెలిచారు. ఆతిథ్య దేశం ఒమన్ జాతీయ జట్టూ బరిలో ఉంటుంది, కాకపోతే ఆ కొండ మీద వీళ్ళతో సమానంగా నిలబడటం కష్టం.

ఎండ సంగతి కూడా చెప్పాలి. 2015 ఫిబ్రవరిలో ఒక రోజు వేడి 40 డిగ్రీలు దాటింది, ఇసుక గాలి లేచింది, టైర్లు పేలాయి. రైడర్లు వంతెన కింద ఆగిపోయి తొక్కమన్నారు, ఆ రోజు పోటీ రద్దయింది. సరైన పనే చేశారు. అదే దేశంలో కట్టడాల దగ్గర పనిచేసే మనవాళ్ళు అలా తమంతట తాము ఆగలేరు. వాళ్ళకి జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు పని ఆపాలని ప్రభుత్వమే రూలు పెట్టాల్సి వచ్చింది.

చూడటానికి టికెట్ లేదు. 2025లో మొదటి రోజు శనివారం, అక్కడ సెలవే కాబట్టి చాలామందికి వీలై ఉంటుంది. చివరి రోజు డ్యూటీ లేనివాళ్ళు మాత్రం కొండ వైపే వెళ్ళాలి. కింద సైకిళ్ళు రయ్యిన పోతాయి, ఎవరెవరో తెలీదు. ఎత్తు మొదలయ్యాక ఒక్కొక్కరి ముఖం కనిపిస్తుంది. దారులు మూసేలోపే చేరుకోవాలి, నీళ్ళ బాటిల్ మర్చిపోవద్దు.