నొగమీది బరువు

నవంబరు నెల వచ్చి ఖతరుదేశపు గాలిలోని వేడి చల్లారిన కొలదిని, దోహానగరమునుండి దక్షిణముగా మెసయీద్ మీదుగా సీలైన్ సముద్రతీరమునకు పోవు రహదారిపై ఒక వింత యూరేగింపు కానవచ్చును. ఒక్కొక్క వాహనము వెనుక ఒక్కొక్క చిన్న యిల్లు, పడకలతో, పొయ్యితో, నీటితొట్టితో సహా, రెండో నాలుగో చక్రములపై దొర్లుచు వచ్చుచుండును. పర్యావరణ, వాతావరణ మార్పుల మంత్రిత్వశాఖవారు అనుమతిపత్రము లిచ్చి నడిపించు ఈ విడిదుల కాలము సాధారణముగా ఏప్రిల్ వఱకు సాగును. వేసవియంతయు ఏసీ గదులలో బందీలై యుండిన కుటుంబములు, తాతముత్తాతల యెడారిబ్రతుకును మఱచిపోలేకయో యన్నట్లు, ఇసుకలో గుడారములు వేసికొందురు. ఆ దేశమున ఇండ్లలో డ్రైవర్లుగా కుదురుకొన్న మనవారు, కడపసీమనుండియు గోదావరి తీరమునుండియు పోయినవారు, అనేకులు; సెలవుదినములలో పిల్లలతో తామే బయలుదేరు తెలుగు ఉద్యోగులును కొందఱు గలరు. లాగుడుబండి కట్టిన పికప్పును నడుపుట కారు నడుపుటవంటిదే యనుకొని స్టీరింగు పట్టువారికి కొన్ని సంగతులు విన్నవింపవలసి యున్నది.

హైలక్స్, రేంజర్, నవారా వంటి మధ్యతరహా పికప్పుల ప్రకటనలలో 3,500 కిలోలు అను అంకె పెద్ద అక్షరములతో కనబడుచుండును. అది కొన్ని డీజిలు రకములకు, అదియును వెనుకబండికి స్వంత బ్రేకులున్నపుడు మాత్రమే చెల్లును. బ్రేకులు లేని బండియైనచో ఇట్టి వాహనములకు తఱచుగా చెప్పు పరిమితి 750 కిలోలే. పెట్రోలు ఇంజనుకు వేఱు లెక్క, రెండుచక్రముల డ్రైవుకు వేఱు లెక్క. కావున ప్రకటనను గాక, తన వాహనముతో వచ్చిన పుస్తకమునే నమ్మవలెను. అసలు లాగుట యనునది ఇంజను చేయు పని, ఆ పనిలో నేటి ఇంజన్లు ప్రభువులు. ఆపుటయే కష్టము. గంటకు 80 కిలోమీటర్ల వేగము 100 అయినపుడు వేగము నాలుగవవంతే పెరిగినను, బ్రేకులు అణచవలసిన శక్తి ఒకటిన్నర రెట్లకు మించును. వెనుక రెండు టన్నుల యిల్లు తోసికొని వచ్చుచుండగా ఈ లెక్క డ్రైవరు పాదమునకు బాగుగా తెలిసివచ్చును.

ఇక సమతూకము సంగతి. మా చిన్ననాట వరిగడ్డి వేసిన యెడ్లబండిపై కూర్చుండి పొలమునుండి వచ్చినవారమే గాని, బండి కట్టువాడు నొగను ఒకమారు చేతితో ఎత్తి చూచి, ఒక మోపును వెనుకనుండి తీసి ముందునకు ఎందులకు జరుపునో మాకు బోధపడెడిది కాదు. ముందు బరువు మిక్కుటమైనచో కాడి యెడ్ల మెడలపై కూర్చుండును. వెనుక మిక్కుటమైనచో నొగ పైకి లేచి మెడత్రాళ్లు గొంతుకలను బిగించును. కాడి మీద కొంచెము, కొంచెమే, మొగ్గు నిలువవలెను. ఇరుసుమీద తూగు బండికి నేడును శాస్త్రమిదియే. ట్రెయిలరు ముందుకొన పికప్పు వెనుకనున్న ఉక్కుగుండుపై మోపు బరువును నొగబరువని పిలిచినచో మన రైతులకు వేఱుగా వివరింపనక్కఱలేదు. సామానుతో కూడిన ట్రెయిలరు మొత్తపు బరువులో అది పదింట ఒకవంతు మొదలు నూటికి పదునైదు వఱకు ఉండవలెనని సాధారణ నియమము. 1,500 కిలోల బండికి 150 మొదలు 225 కిలోలన్నమాట.

ఈ బరువు పికప్పునకు ఎట్లు సోకునో చూడుడు. హైలక్సు ముందువెనుక ఇరుసుల నడిమి దూరము 3 మీటర్లకు కొంచెము మించును. గుండు వెనుక ఇరుసునకు 1.2 మీటర్ల వెనుక నున్నదనుకొందము. గుండుపై 150 కిలోలు పడినపుడు, ఉయ్యాలబల్లవలె, ముందుచక్రముల మీదినుండి దాదాపు 58 కిలోలు లేచిపోవును. వెనుక ఇరుసు 208 కిలోలు మోయును. స్టీరింగు తేలికపడుట, రాత్రివేళ దీపములు ఎదురువచ్చువారి కన్నులలో పొడుచుట, దీని ఫలమే. అదిగాక ఆ 150 కిలోలు పికప్పు మోయదగిన బరువులోనివే. అయిదుగురు మనుష్యులు, ఐసు పెట్టెలు, బొగ్గుసంచులు, వెనుక తొట్టిలో 200 లీటర్ల నీరు (లీటరునకు కిలో చొప్పున 200 కిలోలే గదా) అన్నియు కూడిన పిమ్మట, 3,500 లాగగలదన్న వాహనము అంతకు ఎంతో ముందే తన వీపుబరువు హద్దును దాటియుండవచ్చును. ఈ కూడిక చేయక బయలుదేరువారే యెక్కువమంది.

నొగబరువు తక్కువైనచో కీడు వేఱొక రూపమున వచ్చును. వెనుకభాగమున బరువైన ట్రెయిలరు, గాలి తగిలినను, పెద్ద లారీ ప్రక్కగా దాటిపోయినను, గడియారపు లోలకమువలె ఇటునటు ఊగ నారంభించును. వేగము హెచ్చిన కొలదిని ఊపు హెచ్చి, తుదకు తోక కుక్కను ఆడించును. ఖతరులో వాయవ్యమునుండి వీచు షమాల్ గాలి ప్రసిద్ధము. పశ్చిమముగా దుఖాన్, జిక్రీత్ వైపు పోవువారికి అది కుడిచేతి మూలనుండి కొట్టుచుండును. ఎత్తైన గోడలుగల కారవానునకు అది తెరచాపకు తగులు గాలివంటిదే. ఊపు మొదలైనపుడు మనుష్యస్వభావము రెండు తప్పులను చేయించును: బ్రేకును గట్టిగా తొక్కుట, స్టీరింగును ఊపునకు ఎదురుగా త్రిప్పుట. రెండును కూడవు. స్టీరింగును తిన్నగా పట్టి, యాక్సిలేటరునుండి పాదమును మెల్లగా తీసి, వేగము తనంతట తగ్గనీయవలెను. ట్రెయిలరునకు విద్యుత్తు బ్రేకులుండి, వాటికి ప్రత్యేకముగా చేతిమీట యున్నచో, దానిని మాత్రము మృదువుగా ప్రయోగించిన యెడల వెనుకబండి పికప్పును వెనుకకు లాగిపట్టి తానే తిన్నబడును. అటుపిమ్మట ప్రక్కకు ఆపి సామాను సర్దవలెను గాని, అదృష్టమునకు దండము పెట్టి మరల అదే వేగమున పోరాదు. బరువైన వస్తువులు నేలకు దగ్గఱగా, ఇరుసుపైనను దానికి కొంచెము ముందునను ఉండవలెను. వెనుకగోడకు జనరేటరు వ్రేలాడదీయు అలవాటు నాకు కంటగింపుగా నుండును.

కదలుటకు ముందు చూడవలసినవి తెలిసినవే: గుండుపై తాళము పడినదా, రక్షణగొలుసులు క్రింద ఒకదానినొకటి అడ్డముగా దాటి నొగ జాఱినను పట్టుకొనునట్లున్నవా, వెనుకబండి దీపములు వెలుగుచున్నవా, ప్రక్కలకు పొడుచుకొనివచ్చు అదనపు అద్దములు బిగించితిమా. వెనుకకు నడుపునపుడు స్టీరింగు అడుగుభాగమును పట్టుకొని, ట్రెయిలరు ఎటు పోవలెనో చేతిని అటే జరిపినచో తికమక ఉండదు.

తారురోడ్డు ముగిసిన చోట వేఱొక విద్య మొదలగును. సీలైన్ దరిదాపుల వాహనములాగి టైర్లలో గాలి తీయుట నిత్యము కానవచ్చు దృశ్యము. గాలి తగ్గిన టైరు పాదము పఱచుకొని ఒంటెవలె ఇసుకపై తేలును. అయితే పికప్పు టైర్లలో మాత్రమే గాలి తీసి ట్రెయిలరు సంగతి మఱచువారు పెక్కండ్రు. గట్టిగానున్న ఆ వెనుకచక్రములు నాగలివలె ఇసుకను దున్నుకొని, ముందువానిని లంగరు వేసినట్లు నిలబెట్టును. తిరిగి తారుపైకి ఎక్కుటకు ముందు గాలి నింపితీరవలెను. మెత్తని టైరు వేగమున వేడెక్కి పగులును. ఇసుకకంటె మోసకారి సబ్ఖా. పైన ఉప్పుపెచ్చు కట్టి గట్టినేలవలె కనబడుచు, లోపల తడిబురదతో నుండు ఆ మైదానములలో ట్రెయిలరు దిగబడినచో పైకి తీయుట మహాప్రయాస. ఇసుకతిన్నెల నడుమకు సముద్రము చొచ్చుకొని వచ్చు ఖోర్ అల్ ఉదైద్ లోకోత్తర సౌందర్యము గల తావు, 2007లో రక్షితప్రదేశముగా ప్రకటింపబడినది. దానిని చూడగోరువాడు ఇంటిని సీలైన్ వద్దనే విడిచి, ఒంటి వాహనముతో, మఱొక వాహనమును తోడు తీసికొని పోవుట మేలు.

అన్నిటికంటె అపాయకరమైనది తిరుగు ప్రయాణము. నవంబరులో చల్లగాలిలో వచ్చిన యిల్లు అయిదారు మాసములు ఎండలో ఒకేచోట, అవే టైర్లపై, కదలక నిలిచియుండి, ఏప్రిల్ తుదిని వేడెక్కిన తారుపైకి ఒక్కసారిగా వచ్చును. టైరు ప్రక్కన అచ్చొత్తిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, తుది రెండు సంవత్సరమును తెలుపును. 2319 అనిన 2019లో ఇరువదిమూడవ వారమున పుట్టినదని యర్థము. గాళ్లు అరగకున్నను, ప్రక్కగోడలు ఎండి పర్రెలు విచ్చినచో టైరు మార్పించుకొనవలసినదే. ఉప్పుగాలికి చక్రముల బేరింగులలోని గ్రీజు పనికి రాకపోయియుండును. బయలుదేరిన పది పదునైదు కిలోమీటర్లకు బండి ఆపి, చక్రపు నడిబొడ్డు దగ్గఱకు అఱచేయి పోనిచ్చి చూచినచో, పొయ్యివలె వేడి కొట్టు చక్రము ఏదో తెలిసిపోవును. మా ఊరి బండ్ల క్రింద ఎప్పుడును ఒక వెదురుగొట్టము వ్రేలాడుచుండెడిది. అందులో కందెన, ఒక పుల్ల. ఇరుసు కిఱ్ఱుమనక మునుపే బండివాడు దిగి, ఆ పుల్లతో కందెన పూసి, చేతులు గడ్డితో తుడుచుకొని, మరల తొట్టిలో ఎక్కి కూర్చుండెడివాడు.