కృష్ణా దిగువ డెల్టా వరిలో లక్షణాల అనువంశికత: మౌలిక పదాలు, క్షేత్ర అన్వయం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల వరి చేలలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. తెగులు సోకిన చేనులోగాని, ఉప్పు తేలిన మడిలోగాని ఒక దుబ్బు పచ్చగా నిలిచినప్పుడు, దాని విత్తనం దాచుకొంటే వచ్చే ఏడు చేనంతా అలాగే నిలుస్తుందా అని రైతు అడుగుతాడు. దీనికి సరైన సమాధానం చెప్పాలంటే కంటికి కనిపించే లక్షణానికీ, విత్తనం ద్వారా సంక్రమించే జన్యువుకూ గల భేదం స్పష్టంగా తెలిసి ఉండాలి.

మౌలిక పదాలు

వరి మొక్క ప్రతి కణంలో 12 జతల క్రోమోజోములు, అనగా మొత్తం 24 ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి నుండి, మరొకటి తండ్రి నుండి వస్తుంది. క్రోమోజోముపై నిర్దిష్ట స్థానంలో ఉండి, ఒక లక్షణాన్ని నిర్ణయించే అనువంశిక ప్రమాణమే జన్యువు. ఒకే జన్యువుకు గల భిన్న రూపాలను యుగ్మవికల్పకాలు అంటారు. జతలోని రెండు ప్రతులూ ఒకే రూపానికి చెందినవైతే ఆ మొక్క సమయుగ్మజం. వేరువేరు రూపాలకు చెందినవైతే విషమయుగ్మజం. విషమయుగ్మజంలో తన ప్రభావాన్ని చూపే రూపం బహిర్గతం, మరుగున పడే రూపం అంతర్గతం. మొక్కలోని జన్యువుల కూర్పు జన్యురూపం కాగా, మనకు కనిపించే రూపం దృశ్యరూపం.

ఎత్తు: ఒక సరళ ఉదాహరణ

బాపట్ల నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, వంశావళిలో జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకాలు ఉన్నాయి. వీటిలో తైచుంగ్ నేటివ్ 1 పొట్టి రకం; దాని పొట్టితనం అంతర్గత లక్షణం. ఇటువంటి పొట్టి రకాన్ని పొడవు రకంతో సంకరపరిస్తే మొదటి తరం మొక్కలన్నీ పొడవుగానే ఉంటాయి. వాటి స్వపరాగ సంపర్కం వల్ల వచ్చే రెండవ తరంలో మూడు పొడవు మొక్కలకు ఒక పొట్టి మొక్క నిష్పత్తిలో లక్షణాలు విడిపోతాయి. గ్రెగర్ మెండెల్ బఠానీలో గమనించి 1866లో ప్రచురించిన నిష్పత్తి ఇదే. అయితే ఆ మూడు పొడవు మొక్కలలో సగటున ఒకటి మాత్రమే సమయుగ్మజం. మిగిలిన రెండూ పొట్టితనపు ప్రతిని లోపల దాచుకొని ఉంటాయి. కంటికి ఆ మూడింటి మధ్య తేడా తెలియదు.

ఆకు ఎండు తెగులు: దాగి ఉండే నిరోధకత

సాంబ మసూరి బియ్యం నాణ్యతకు పేరుపొందినా, బాక్టీరియా ఆకు ఎండు తెగులుకు సులభంగా లొంగుతుంది. హైదరాబాదులోని వరి పరిశోధనా సంచాలకాలయం, కణ, అణుజీవశాస్త్ర కేంద్రం కలిసి ఈ లోపాన్ని సరిదిద్ది రూపొందించిన 'మెరుగుపరచిన సాంబ మసూరి' 2008లో విడుదలైంది. ఇందులో ఎక్స్ఎ 21, ఎక్స్ఎ 13, ఎక్స్ఎ 5 అనే మూడు నిరోధక జన్యువులు ఉన్నాయి. అడవి వరి నుండి వచ్చిన ఎక్స్ఎ 21 బహిర్గతం. ఒక్క ప్రతి ఉన్నా పనిచేస్తుంది. మిగిలిన రెండూ అంతర్గతం. ఉదాహరణకు, తెగులు కలిగించే బాక్టీరియా మొక్కలోని ఒక జన్యువును తనకు అనుకూలంగా ప్రేరేపించుకొంటుంది. ఆ జన్యువు ప్రేరణకు లొంగకుండా మారిన రూపమే ఎక్స్ఎ 13. మారని ప్రతి ఒక్కటి మిగిలినా బాక్టీరియాకు దారి దొరుకుతుంది కనుక, రెండు ప్రతులూ మారినప్పుడే నిరోధకత కనిపిస్తుంది.

ఈ జన్యువులను సాంబ మసూరిలోకి తేవడానికి పశ్చ సంకరణం, అనగా సంకర మొక్కను తిరిగి తిరిగి సాంబ మసూరితోనే కలపడం, నాలుగు తరాల పాటు సాగింది. ప్రతి పశ్చ సంకరణంతో దాత రకపు వాటా సగటున సగానికి తగ్గుతుంది. నాలుగవ దాని తరువాత సాంబ మసూరి వాటా సుమారు 97 శాతం అవుతుంది. ఈ తరాలలో అంతర్గత జన్యువులు ఒక్కొక్క ప్రతిగానే ఉంటాయి; అందువల్ల వాటి ప్రభావం కనిపించదు. పైగా ఎక్స్ఎ 21 ఉన్న మొక్క దాని బలంతోనే తెగులును తట్టుకొంటుంది కాబట్టి, తక్కినవి ఉన్నవో లేవో తెగులు పరీక్ష చెప్పలేదు. కంటితో మాత్రమే ఎంపిక చేసి ఉంటే ఆ రెండూ మధ్యలోనే జారిపోయేవి. అందుకే ప్రతి తరంలోనూ అణు సూచికలతో జన్యువుల ఉనికిని నిర్ధారించారు. చివరి మొక్కను స్వపరాగ సంపర్కానికి వదిలినప్పుడు ఒక్కొక్క జన్యువుకు నాలుగింట ఒక మొక్క కోరిన సమయుగ్మజం అవుతుంది. మూడింటికీ కలిపి 64 మొక్కలలో సగటున ఒక్కటే. ఆ స్థితికి చేరిన రకం స్వపరాగ సంపర్కం వల్ల స్థిరంగా ఉంటుంది. కనుక కల్తీ లేకుండా, కేళీలను ఏరివేస్తూ పండిస్తే రైతు దాని విత్తనాన్ని దాచుకోవచ్చు. హైబ్రిడ్ వరి విషమయుగ్మజం కావడం చేత దాని గింజలను తిరిగి వేస్తే లక్షణాలు విడిపోతాయి.

చౌడు: అనేక జన్యువుల లక్షణం

దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు సముద్రతీరపు చౌడు నేలలలో సమస్య వేరు. ఉప్పును తట్టుకొనే గుణం ఒక్క జన్యువుతో తేలేది కాదు. కేరళకు చెందిన పొక్కాలి వరిలో 1వ క్రోమోజోముపై గుర్తించిన 'సాల్టోల్' ప్రాంతం ముఖ్యంగా నారు దశలో సోడియం, పొటాషియంల సమతుల్యతకు తోడ్పడుతుంది. పూత దశలో తట్టుకోవడానికి ఇతర జన్యువులు కూడా అవసరం. ఇటువంటి పరిమాణాత్మక లక్షణాలలో సంతతి మూడుకు ఒకటిగా విడిపోదు. తక్కువ నుండి ఎక్కువ వరకు అన్ని మెట్లూ కనిపిస్తాయి. దృశ్యరూపంపై పరిసరాల ప్రభావం కూడా అధికం. ఒకే మడిలో అడుగు దూరంలోనే లవణ సాంద్రత మారవచ్చు. పచ్చగా నిలిచిన దుబ్బు కింద ఉప్పు తక్కువగా ఉండి ఉండవచ్చు. అప్పుడు దాని విత్తనంలో ప్రత్యేకత ఏమీ ఉండదు.

విస్తరణలో అన్వయం

కాబట్టి రైతు చూపిన దుబ్బును తోసిపుచ్చనూ వద్దు, వెంటనే విత్తనంగా సిఫారసు చేయనూ వద్దు. దాని గింజలను వేరుగా సేకరించి, మరుసటి ఋతువులో ఒకే రీతి చౌడు గల మడిలో, స్థానిక రకం పక్కన, తట్టుకొనే రకం పక్కన వరుసలుగా నాటి పోల్చాలి. సంతతి అంతా నిలిస్తే ఆ గుణం జన్యువులది, కొంత నిలిచి కొంత పోతే లక్షణం ఇంకా విడిపోతున్నది, స్థానిక రకంతో పాటే పోతే అది నేల చలవ అని భావించాలి. ఒక్క పరీక్షతో తుది నిర్ణయానికి రాక, మరో ఋతువులోనూ సరిచూడడం మంచిది. ఒక మొక్క విలువను దాని సంతతి ద్వారానే నిర్ణయించాలన్నది అనువంశిక శాస్త్రం విస్తరణ శాస్త్రవేత్తకు నేర్పే ప్రధాన పాఠం. ఈ జాగ్రత్త పాటించకపోతే, ఒక్క దుబ్బును నమ్మి మడి అంతా నాటిన రైతు ఆ ఏటి పంటను కోల్పోయే ప్రమాదం ఉన్నది.