చలికాలంలో పసిపిల్లలతో మన్యం ప్రయాణం



డిసెంబరు, జనవరి సెలవుల్లో అరకు, లంబసింగి, వంజంగి చూడాలని ఎన్నో కుటుంబాలు బయలుదేరుతాయి. చిన్నపిల్లలు వెంట ఉన్నప్పుడు కొంచెం ముందుచూపు అవసరం. మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులకు మేము చెప్పే సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

ఎప్పుడు బయలుదేరాలి?
తెల్లవారేసరికి మేఘాలు చూడాలని చాలామంది రాత్రంతా బండి నడిపిస్తారు. ఘాట్ రోడ్డు, పొగమంచు, నిద్రమత్తులో ఉన్న డ్రైవరు: ఈ మూడూ కలిస్తే ప్రమాదమే. ముందురోజు పగటివేళ వెళ్లి, అక్కడే బస చేయండి. సెలవుల్లో గదులు దొరకడం కష్టం కనుక ముందే మాట్లాడుకోండి.

బండిలో నిద్రపోవద్దు
గది దొరకక, చలికి తాళలేక, అద్దాలు మూసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, హీటరు వేసుకుని పడుకోవడం ప్రాణాపాయం. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో ఆక్సిజన్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. పిల్లలు పెద్దలకంటే వేగంగా ఊపిరి తీసుకుంటారు కాబట్టి వారికి ముందుగా హాని కలుగుతుంది. మూసిన గదిలో గాని, టెంటులో గాని బొగ్గుల కుంపటి పెట్టుకున్నా ఇదే అపాయం. తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే వెంటనే అందరినీ బయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోన్ చేయండి. నిద్రపోతే తగ్గిపోతుందని అనుకోవద్దు.

బట్టలు
ఒక్క మందపాటి స్వెట్టరు కంటే రెండు మూడు పలుచని జతలు ఒకదానిపై ఒకటి వేయడం మంచిది. తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు వేయండి. పసిబిడ్డ ముఖం మీద దుప్పటి కప్పవద్దు. ఛాతీ, వీపు తాకి చూడండి. చల్లగా ఉంటే ఇంకొక జత వేయండి, చెమట పడితే ఒకటి తీయండి.

కూర్చోబెట్టడం
పిల్లవాణ్ణి ముందు సీట్లో ఒడిలో పెట్టుకోవద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు లేదా పిల్లల సీటు తప్పనిసరి.

ఆహారం, వాంతులు
ఘాట్ ఎక్కేముందు నూనె పదార్థాలు పెట్టకండి. ఇడ్లీ, అరటిపండు వంటివి కొద్దిగా చాలు. కిటికీలోంచి దూరంగా చూడమనండి. సెల్‌ఫోన్ ఇవ్వకండి. రెండు గంటలకొకసారి బండి ఆపండి. ఎత్తు ఎక్కేటప్పుడు చెవులు మూసుకుపోతే, చంటిబిడ్డకు బండి ఆపి పాలివ్వండి. మింగడం వల్ల చెవులు తెరుచుకుంటాయి. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అవసరం లేదు.

వెంట ఉండవలసినవి
కాచి చల్లార్చిన నీరు, ఓఆర్ఎస్ పొట్లాలు, థర్మామీటరు, బిడ్డ బరువును బట్టి డాక్టరు రాసిన జ్వరం మందు, రోజూ వాడే మందులు, టార్చిలైటు. కొండల్లో అన్నిచోట్లా ఫోన్ సిగ్నల్ ఉండదు. కాబట్టి దారిలో ఉన్న ఆసుపత్రులు ఎక్కడెక్కడో ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

బిడ్డకు జ్వరం గాని, ఆయాసం గాని ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. కొండలు ఎక్కడికీ పోవు, వచ్చే వారం కూడా అక్కడే ఉంటాయి.